చద్దిమూటకీ ఓ లెక్కుంది!

అమెరికాలో నవంబరు నెల నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. 1863లో అబ్రహాం లింకన్ దీన్ని జాతీయ పండగగా ప్రకటిస్తే, 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారానికి ఖాయం చేసింది. ఈ పండక్కీ మనకీ పుట్టుకతో వచ్చిన చుట్టరికం ఏమీ లేదు. కానీ అక్కాచెల్లెళ్ళూ, బావలూ, పాత రూమ్మేట్లూ అందరూ నాలుగు రోజులు ఒకచోట చేరడానికి వీలయ్యే సెలవు ఏడాదిలో ఇంకొకటి ఎక్కడుంది? అందుకే ఇప్పుడు న్యూజెర్సీ నుంచి డాలస్ దాకా మన ఇళ్ళల్లో కూడా ఆ గురువారం సంక్రాంతిలాగే సాగుతుంది. టర్కీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పులిహోర, గారెలు, బిర్యానీ, గుత్తివంకాయ, సాంబారు, పెరుగన్నం మాత్రం ఉండి తీరతాయి.

మనవాళ్ళ వంటలో ఒక సూత్రం ఉంది. పదిమంది వస్తున్నారంటే పదిహేనుమందికి వండాలి. "చాలకపోతే పరువు పోతుంది" అనే భయం ముందు ఏ లెక్కా పనిచెయ్యదు. అందుకని శుక్రవారం పొద్దున ఫ్రిజ్జు తలుపు తీస్తే లోపల లైటు కూడా కనపడదు! ఆ తరవాత మొదలవుతుంది అసలు చర్చ. "ఇది బాగానే ఉంది, వాసన చూడు" అని అమ్మ. "వద్దత్తయ్యా, పారేద్దాం" అని కోడలు. "అన్నం పారేస్తే పాపం" అని నాన్న. మధ్యలో మనం.

ఈ చర్చలో ఎవరి మాట ఎంతవరకు నిజమో, దాని వెనకున్న సైన్సు ఏమిటో చూద్దాం. ఇది కాలక్షేపం కబురు కాదు. కలుషితాహారం వల్ల వచ్చే వాంతులూ విరేచనాలూ ముప్ఫై ఏళ్ళ మనిషిని ఒకరోజు మంచాన పడేసి వదిలేస్తాయి. అదే ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన డెబ్భై ఏళ్ళ నాన్నగారికి వస్తే, అందులోనూ ఆయనకి షుగరూ బీపీ ఉంటే, ఎమర్జెన్సీ రూముకి పరుగెత్తాల్సి రావచ్చు.

ముక్కు చెప్పేదీ, చెప్పనిదీ

మన పెద్దవాళ్ళందరికీ ఉన్న పరికరం ముక్కు. కూర పులిసిందా, పప్పు జిగురు వచ్చిందా, తీగ సాగుతోందా అన్నది వాళ్ళు గిన్నె మూత తియ్యగానే చెప్పేస్తారు. ఆ పరీక్షలో తప్పు లేదు. కానీ అది పట్టేది ఒక రకం సూక్ష్మజీవుల్ని మాత్రమే.

ఆహారంలో పెరిగే సూక్ష్మజీవుల్ని మోటుగా రెండు జట్లుగా విడగొట్టొచ్చు. మొదటి జట్టు పదార్థాన్ని పాడుచేసేవి. రంగు, వాసన, రుచి మార్చేసేవి ఇవే. వీటిని ముక్కు పడుతుంది. రెండో జట్టు మనిషిని జబ్బుపడేసేవి. ఇవి ప్రమాదకరమైన సంఖ్యకి చేరినా వాసన గానీ రుచి గానీ మారకపోవచ్చు. అంటే కంపుకొట్టే గిన్నెని పారెయ్యాల్సిందే గానీ, కంపు కొట్టలేదు కాబట్టి మంచిదే అన్న మాట మాత్రం నిలబడదు. మన భాషలో చెప్పాలంటే, ముక్కు పరీక్ష కొన్ని బగ్గుల్ని పట్టుకుంటుంది, అసలు క్రాష్ చేసే బగ్గుని వదిలేస్తుంది!

రెండు గంటల లెక్క

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే మొదటి నియమం, వండిన పదార్థం బయట రెండు గంటలకి మించి ఉండకూడదని. వాతావరణం 90 డిగ్రీల ఫారెన్‌హీట్ (32 సెల్సియస్) దాటితే ఒక్క గంటే. ఎందుకంటే 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ (4 నుంచి 60 సెల్సియస్) మధ్య బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. ఆ శాఖవాళ్ళు దీనికి పెట్టిన పేరే డేంజర్ జోన్.

అనుకూలమైన పరిస్థితుల్లో కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మనకి ఇష్టమైన రెండు ఘాతాల లెక్కే ఇది. ఒక్క బ్యాక్టీరియాతో మొదలుపెడితే రెండు గంటలకి 64. నాలుగు గంటలకి 4,096. ఆరు గంటలకి 2,62,144. మధ్యాహ్నం ఒంటిగంటకి టేబుల్ మీద పెట్టిన గిన్నెలు, ఫుట్‌బాల్ ఆటా పేకాటా అయ్యాక రాత్రి ఏడింటికి లోపలికి వెళితే జరిగేది ఇదే. నిజం గిన్నెలో పెరుగుదల ఇంత శుభ్రంగా లెక్కప్రకారం ఉండదు. మొదట కొంతసేపు నెమ్మదిగా ఉంటుంది, పదార్థాన్ని బట్టి మారుతుంది. కానీ మొదటి రెండు గంటలకీ చివరి రెండు గంటలకీ ఎంత తేడా ఉందో చూడండి. కొంపలు మునిగేది చివర్లోనే.

ఇంకో సంగతి. ఈ రెండు గంటలు కలుపుకుంటూ పోవాలి. టేబుల్ మీద గంటన్నర ఉన్న బిర్యానీని డబ్బాలో పెట్టి, ఎమ్మెస్ చదువుకుంటున్న తమ్ముడికి కట్టిచ్చామనుకోండి. వాడు మూడు గంటలు కారులో పోతే మొత్తం నాలుగున్నర గంటలు. పిల్లలకి కట్టి పంపాలనుకుంటే ముందు ఫ్రిజ్జులో బాగా చల్లబరిచి, ఐస్ ప్యాక్ పెట్టి చిన్న కూలర్‌లో ఇచ్చి పంపడం మంచిది.

అన్నం అంత అమాయకురాలేం కాదు

మాంసం దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అన్నం దగ్గర ఎవరూ ఉండరు. కానీ బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాల రూపంలో ఉంటుంది. సిద్ధబీజం అంటే గట్టి కవచం కట్టుకుని నిద్రపోతున్న బ్యాక్టీరియా అన్నమాట. అన్నం ఉడికే వేడికి మామూలు బ్యాక్టీరియా చచ్చిపోతుంది గానీ ఇవి చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యాక కవచం వదిలి లేచి పెరగడం మొదలుపెడతాయి. పెరుగుతూ వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి.

ఈ విషం వేడికి లొంగదు. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా నిలబడుతుంది. అంటే ప్రెషర్ కుక్కర్ కూడా దాన్ని ఏమీ చెయ్యలేదు. "రాత్రంతా బయటే ఉండిపోయింది, పొద్దున్నే తాలింపేసి పులిహోర చేసేద్దాం" అనుకుంటాం చూడండి, ఆ తాలింపు బ్యాక్టీరియాని చంపుతుందేమో గానీ అప్పటికే తయారైన విషాన్ని తీసెయ్యలేదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి.

రైస్ కుక్కర్ 'వార్మ్' మీద ఉండి, అన్నం 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన వేడిగా ఉంటే భయం లేదు. ప్లగ్ పీకేసి మూత పెట్టి వదిలెయ్యడమే అన్నిటికన్నా ప్రమాదం. మూత కింద గంటల తరబడి గోరువెచ్చగా, తడిగా ఉండే అన్నం కన్నా ఆ బ్యాక్టీరియాకి స్వర్గం ఇంకోటి లేదు.

"మరి మా తాతలు చద్దన్నం తిని వందేళ్ళు బతకలేదా?" అని వెంటనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. చద్దన్నం అంటే ఊరికే వదిలేసిన అన్నం కాదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి కుండలో ఉంచేవారు. మజ్జిగలో ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా పెరిగి అన్నాన్ని పులియబెడుతుంది. ఆ పులుపు పెరిగే కొద్దీ చెడ్డ బ్యాక్టీరియాకి చోటు తగ్గుతుంది. పెరుగన్నం నిలవుండడానికీ, ఇడ్లీ పిండి పులియడానికీ ఆధారం అదే. అంటే మనవాళ్ళు మంచి బ్యాక్టీరియాని ముందుగా కాపలా పెట్టారు. ఆ కాపలా లేకుండా రైస్ కుక్కర్లో వదిలేసిన అన్నానికి చద్దన్నం అని పేరు పెట్టడం చద్దన్నాన్ని అవమానించడమే!

పెద్ద గిన్నెతో వచ్చే చిక్కు

పండగ వంటకీ రోజువారీ వంటకీ ఉన్న అసలు తేడా గిన్నె సైజు. దీనికి సంబంధించిన బ్యాక్టీరియా ఇంకొకటుంది, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. ఇదీ సిద్ధబీజాలు కట్టే రకమే. మాంసం కూరలూ గ్రేవీలూ దీనికి ఇష్టం. తగిన వెచ్చదనం దొరికితే దాదాపు పది నిమిషాలకే రెట్టింపవుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం దీనివల్ల ఏటా పదిలక్షల మంది దాకా జబ్బుపడుతున్నారు. ఎక్కువమంది ఒకేసారి జబ్బుపడే సంఘటనలు నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఎక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. పెద్ద పెద్ద పాత్రల్లో వండటం, నెమ్మదిగా చల్లారనివ్వడం.

ఇక్కడ కాస్త ఇంజనీరింగ్ పనికొస్తుంది. బిర్యానీ లాంటి గట్టి పదార్థం మధ్యభాగం చల్లారడానికి పట్టే సమయం దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే టైము సుమారు నాలుగు రెట్లు. ఎనిమిది అంగుళాల లోతు గిన్నెలో ఉన్న బిర్యానీని రెండంగుళాల లోతు ట్రేలలోకి సర్దితే, మధ్యభాగం చల్లారే సమయం దాదాపు పదహారో వంతుకి తగ్గుతుంది. ఏ కొత్త పరికరమూ కొనక్కర్లేదు, గిన్నె మారిస్తే చాలు.

హోటళ్ళకి ఎఫ్‌డీఏ పెట్టిన నియమం కూడా తెలుసుకోవడం మంచిది. వండిన పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 70కి రెండు గంటల్లో దిగాలి. మొత్తం ఆరు గంటల్లో 41కి చేరాలి. మొదటి అంకానికి అంత తక్కువ గడువు ఎందుకంటే, బ్యాక్టీరియా అన్నిటికన్నా జోరుగా పెరిగేది ఆ ఉష్ణోగ్రతల్లోనే.

"వేడి గిన్నె ఫ్రిజ్జులో పెట్టకూడదు" అని మన ఇళ్ళల్లో ఒక శాసనం ఉంది. పెద్ద గిన్నె విషయంలో అది సబబే. పొగలు కక్కే సాంబారు గిన్నె పెడితే పక్కనున్న పాలూ పెరుగూ కూడా వేడెక్కుతాయి. కానీ దానికి మందు రాత్రి పదకొండు దాకా స్టవ్ మీద వదిలెయ్యడం కాదు. చిన్న చిన్న లోతు తక్కువ డబ్బాల్లోకి తీసేస్తే గోరువెచ్చగా ఉండగానే ఫ్రిజ్జులో పెట్టెయ్యొచ్చు. సాంబారు, రసం లాంటివైతే గిన్నెని సింకులో ఐసు నీళ్ళల్లో దించి, గరిటతో కలుపుతూ ఉంటే చకచకా చల్లారతాయి. డబ్బాల మధ్య గాలి ఆడేలా కాస్త ఖాళీ వదలండి. ఫ్రిజ్జు లోపల 40 డిగ్రీలకి మించకుండా చూసుకోండి. చిన్న థర్మామీటరు ఒకటి లోపల పడేస్తే సరిపోతుంది.

షికాగో, మినియాపొలిస్ వైపు ఉండే మిత్రులు గరాజే మాకు రెండో ఫ్రిజ్జు అంటారు. కానీ నవంబరులో రాత్రి గడ్డకట్టే చలి ఉన్నా మధ్యాహ్నం ఎండకి గరాజ్ 50 డిగ్రీలు దాటొచ్చు. వేడి కారు లోపలికి వచ్చి ఆగితే ఇంకొంచెం. దానికి థర్మోస్టాట్ లేదు కదా! గరాజ్‌లో పెట్టాలంటే కూలర్‌లో ఐసు పోసి పెట్టండి.

ఏది ఎన్నాళ్ళు?

వండిన పదార్థాలు ఫ్రిజ్జులో మూడు నాలుగు రోజులన్నది వ్యవసాయ శాఖ లెక్క. గురువారం పెట్టింది ఆదివారం, మహా అయితే సోమవారం లంచ్ బాక్స్. అక్కడితో సరి. ఫ్రీజర్లో సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్) దగ్గరైతే ఎన్నాళ్ళున్నా ప్రమాదం ఉండదు గానీ, రుచి మూడు నాలుగు నెలల తరవాత తగ్గుతుంది. ఇక మన వంటల సంగతి:

పులిహోర: చింతపండు పులుపు, నూనె, ఉప్పు మూడూ కాపాడతాయి. అందుకే ప్రయాణాలకి కట్టుకెళ్ళేవారు. కానీ పిల్లల కోసమని పులుపు తగ్గించి చేసే పులిహోరకి ఆ బలం ఉండదు. చేత్తో కలిపేటప్పుడు చేతులు శుభ్రంగా కడగాలి. చేతి మీద పుండో, తెగిన గాయమో ఉంటే గరిటెతో కలపాలి. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ వదిలే విషం కూడా వేడికి లొంగని రకమే. అల్యూమినియం ట్రేలో రోజుల తరబడి ఉంచకండి, పులుపు లోహాన్ని తినేస్తుంది.

కొబ్బరి పచ్చడి: అన్నిటికన్నా ముందు పాడయ్యేది ఇదే. తడి ఎక్కువ, పులుపు తక్కువ, ఉడకబెట్టింది కాదు. పండగనాడే అయిపోగొట్టండి.

గారెలు, బూరెలు: నూనెలో వేగాయి కదా అనుకుంటాం. పైన వేగినా లోపల తడి పిండీ, తడి పూర్ణమూ ఉంటాయి. బయట వదలకండి.

అరిసెలు: బెల్లం పాకం తడిని పట్టి ఉంచుతుంది, వేయించి నొక్కేస్తాం కాబట్టి మిగిలిన తడీ తక్కువే. డబ్బాలో వారాల తరబడి ఉంటాయి. బొబ్బట్లకి ఈ గుణం లేదు గానీ, ఫ్రీజర్లో బ్రహ్మాండంగా ఉంటాయి.

ఆవకాయ: ఉప్పూ నూనే కోటగోడలు. తడి చెంచా పెట్టారో, గోడకి కన్నం పడినట్టే.

టర్కీ: పండగరోజే ఎముకల నుంచి మాంసం విడదీసి చిన్న డబ్బాల్లో సర్దాలి. లోపల స్టఫింగ్ ఉంటే వేరుగా తీసెయ్యాలి. మర్నాడు బిర్యానీ మసాలాతో వేపుడు చేస్తే ముక్క చప్పగా ఉందనే ఫిర్యాదు కూడా తీరుతుంది.

మళ్ళీ వేడి చేసేటప్పుడు

మళ్ళీ వేడి చేసినప్పుడు మధ్యభాగం 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) చేరాలి. కూరలూ పులుసులూ అయితే కుతకుతా ఉడకాలి. పెర్‌ఫ్రింజెన్స్‌ని ఈ వేడి చంపేస్తుంది. అన్నం దగ్గరా చేతివేళ్ళ దగ్గరా చెప్పుకున్న విషాల్ని మాత్రం ఏమీ చెయ్యదు. అందుకే వేడి చెయ్యడాన్ని సమయానికి ఫ్రిజ్జులో పెట్టడానికి ప్రత్యామ్నాయంగా లెక్కెయ్యకూడదు.

మైక్రోవేవ్ తరంగాలు పదార్థంలోకి ఒకటి రెండు అంగుళాలే చొచ్చుకుపోతాయి. పైగా వేడి సమానంగా పంచవు. అంచులు నోరు కాలేంత వేడిగా, మధ్యలో చల్లగా ఉండటం మీకూ అనుభవమే. మూత పెట్టండి, మధ్యలో ఆపి కలపండి, అయ్యాక రెండు నిమిషాలు ఆగండి. ఎంత కావాలో అంతే తీసి వేడి చెయ్యండి. డబ్బా మొత్తాన్ని వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ లోపల పెట్టడం వల్ల డేంజర్ జోన్‌లోంచి పదేపదే తిప్పినట్టవుతుంది.

ఫ్రిజ్జులో పెట్టిన అన్నం రాయిలా అయ్యేది ఎండిపోయి కాదు. ఉడికినప్పుడు విడిపోయిన పిండి అణువులు చల్లగా అయ్యేకొద్దీ మళ్ళీ వరసకట్టి గట్టిపడతాయి. ఇది ఫ్రిజ్జు చలిలోనే ఎక్కువగా జరుగుతుంది, ఫ్రీజర్లో దాదాపు ఆగిపోతుంది. నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, మూత పెట్టి వేడి చేస్తే చాలావరకు మెత్తబడుతుంది.

ఎవరి విషయంలో మొహమాటం పనికిరాదు

65 ఏళ్ళు దాటినవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు, షుగరు లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు. గర్భిణులకి లిస్టీరియా అనే ఇంకో భయం కూడా ఉంది. అది ఫ్రిజ్జు చలిలో కూడా పెరగగలదు, కడుపులో బిడ్డకి ప్రాణాంతకం. ఇంట్లో చాలాసార్లు జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పిల్లలకి వేడిగా కొత్తగా వండి పెట్టి, "మాకు అలవాటేలే" అంటూ నాలుగురోజుల నాటి కూర తినేది అమ్మానాన్నలే. ఆ డబ్బా వాళ్ళ కంచం దగ్గరికి చేరకుండా చూడాల్సింది మనం.

విరేచనాల్లో రక్తం, 102 డిగ్రీలు దాటిన జ్వరం, మంచినీళ్ళు కూడా నిలవనంత వాంతులు, మూడు రోజులు దాటిన విరేచనాలు, మూత్రం బాగా తగ్గిపోయి కళ్ళు తిరగడం. వీటిలో ఏది కనిపించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పెద్దవాళ్ళ విషయంలో అంతదాకా కూడా ఆగక్కర్లేదు. విజిటర్ ఇన్సూరెన్సు డిడక్టిబుల్ ఎంతో అప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

పారెయ్యడం పాపం కదా?

పాపమే. అందులో సందేహం లేదు. అమెరికాలో ఆహారంలో 30 నుంచి 40 శాతం వృథా అవుతోందని వ్యవసాయ శాఖ అంచనా. చెత్తగుట్టల్లోకి చేరేవాటిలో అన్నిటికన్నా ఎక్కువ బరువు ఆహారానిదే. చెత్తగుట్టల నుంచి గాల్లోకి పోయే మీథేన్‌లో 58 శాతం దానివల్లేనని పర్యావరణ సంస్థ ఈపీఏ 2023లో లెక్కగట్టింది. వెర్మాంట్‌లో 2020 నుంచి, కాలిఫోర్నియాలో 2022 నుంచి ఆహార వ్యర్థాలని మామూలు చెత్తలో కలపకూడదని చట్టాలు అమల్లోకి వచ్చాయి.

కానీ అన్నాన్ని గౌరవించాల్సింది ఆరోరోజు ముక్కుమూసుకుని తినేటప్పుడు కాదు, వండిన మొదటి రెండు గంటల్లో. గిన్నెలోంచి సగం ముందే తీసి చిన్న డబ్బాల్లో సర్ది, టేబుల్ మీదకి సగమే పెట్టండి. తరవాత కావాలంటే తెచ్చుకోవచ్చు. డబ్బా మీద టేపు అంటించి వంటకం పేరూ తేదీ రాయండి. వారాంతానికి అవ్వదనుకున్నది గురువారం రాత్రే ఫ్రీజర్లోకి పంపండి. ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టకూడదని అమ్మమ్మ అన్నమాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

సంఘాల ఉగాది, దీపావళి భోజనాల్లో మిగిలేవాటి గురించి కూడా ఒక మాట. మంచి మనసుతో దానం చేసిన ఆహారం విషయంలో దాతలకి రక్షణనిచ్చే బిల్ ఎమర్సన్ చట్టం 1996లోనే వచ్చింది. 2023 జనవరిలో దాన్ని ఇంకాస్త విస్తరించారు. వడ్డించకుండా, వేడిగానో చల్లగానో సరిగ్గా ఉంచిన కేటరింగ్ ట్రేలని తీసుకునే షెల్టర్లు కొన్ని ఉంటాయి. ఇంట్లో వండినవి సాధారణంగా తీసుకోరు. ఎవరు ఏం తీసుకుంటారో కార్యక్రమానికి వారం ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఒక వాలంటీరుకి ఆ పని అప్పగించండి. రాత్రి పదింటికి హాలు ఖాళీ చేసేటప్పుడు గుర్తొస్తే, అప్పటికే రెండు గంటలు దాటిపోయి ఉంటాయి.

పెద్దల మాట చద్దిమూట అన్నారు. దారిలో ఆకలేస్తే ఆదుకుంటుంది కాబట్టే మంచి మాటని చద్దిమూటతో పోల్చారు. ఆ మూట కట్టేటప్పుడే కాస్త లెక్క చూసి కట్టుకుందాం. అందరికీ థాంక్స్‌గివింగ్ శుభాకాంక్షలు. వచ్చే సోమవారం ఆఫీసులో మీ లంచ్ బాక్స్ ఘుమఘుమలాడాలని కోరుకుంటూ, ఇక సెలవు.